తెనాలి పెరట్లో ఎత్తు మడులు: రోహిణి కార్తె నుంచి సంక్రాంతి దాకా

రోహిణి కార్తె, 2023 మే ఆఖరు

మా పెరడు రోడ్డుకంటే అడుగున్నర పల్లంలో ఉంది. తెనాలిలో చాలా పాత ఇళ్ల పరిస్థితి ఇదే. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దానికితోడు మాది డెల్టా నల్లమట్టి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలంలో చెప్పు దిగితే ఊడిరాని బురద. ఈ నేలలో వరి బ్రహ్మాండంగా పండుతుంది. వంగ, టమాటా, మిరప మాత్రం బతకవు. వాటి వేళ్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి సందులన్నీ నీళ్లతో నిండి రెండు రోజులు అలాగే ఉంటే వేరు ఊపిరాడక కుళ్లిపోతుంది. అందుకే మా ఇంట్లో కార్తీకం నుంచి శివరాత్రి వరకే కూరగాయలు. మిగతా ఏడాదంతా రైతుబజారే.

ఈ ఏడాది నేలను ఎత్తు చేద్దామనుకున్నాను. పెరడంతా మెరక చేయాలంటే ట్రాక్టర్ల కొద్దీ మట్టి తోలాలి. అంత డబ్బు లేదు, అవసరమూ లేదు. మొక్క వేరు ఉన్నంతమేర ఎత్తు చేస్తే చాలు. రెండు మడులు, ఖర్చు మొత్తం 5,000 రూపాయలు దాటకూడదు. ఇదీ నేనూ మా ఆయనా కూర్చుని వేసుకున్న లెక్క.

ఒక్కో మడి లోపలి కొలత 8 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, నేల మీద 15 అంగుళాల ఎత్తు. వెడల్పు మూడున్నర ఎందుకంటే, ఏ పక్కన కూర్చున్నా చెయ్యి మడి మధ్యకు అందాలి. లోపల ఎప్పుడూ కాలు పెట్టకూడదు. ఒకసారి తొక్కితే నల్లమట్టి మళ్లీ గట్టిపడిపోతుంది. ఎత్తు 15 అంగుళాలు పెట్టింది మాత్రం మా అత్తయ్య కోసం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుని లేవలేరు. చిన్న స్టూలు వేసుకుని కలుపు తీసుకునే ఎత్తు అది.

గోడలకు ఏం వాడాలా అని ఊరంతా ధరలు కనుక్కున్నాం. ఎర్ర ఇటుకైతే ఒక్కో మడికి నూట యాభై పైన పడతాయి, మళ్లీ సిమెంటు, మేస్త్రి కూలి. చెక్కపలకలు మా ఊళ్లో చెదలకు ఆహారమే. ప్లాస్టిక్ గ్రో బెడ్లు తేలిగ్గా దొరుకుతాయి కానీ మా ఎండకు కొన్నేళ్లలో పెళుసుబారతాయి. చివరికి నాపరాళ్లు ఖాయం చేశాం. మాచర్ల వైపు నుంచి వచ్చే నాపరాయి మన జిల్లాలో ప్రతి ఇంటి అరమరలోనూ ఉంటుంది. బండల డిపోలో అంచు విరిగినవి, కొలత తప్పినవి ఒక మూల పేర్చి ఉంచుతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్కలు ఒక్కోటి 20 రూపాయలకు ఇచ్చారు. మడి చుట్టుకొలత 23 అడుగులు కాబట్టి మడికి 23 రాళ్లు. రెండింటికీ కలిపి, విరిగితే ఉంటాయని 50 తెచ్చాం. వెయ్యి రూపాయలు, ఆటో కిరాయి 300.

గోడ సిమెంటుతో కట్టొద్దని నేను గట్టిగా పట్టుబట్టాను. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మా ప్రహరీ గోడ మీద కనిపించే పగుళ్లన్నీ దానివే. సిమెంటుతో బిగించిన చిన్న గోడ రెండు కార్తెలు తిరక్కుండా బీటలిస్తుంది. అదే రాళ్లను విడివిడిగా నిలబెడితే నేల కదిలినప్పుడు అవీ కాస్త కదిలి ఊరుకుంటాయి. 11 అంగుళాల లోతు సన్నటి గాడి తీయించి, అందులో రెండంగుళాల ఇసుక పోసి, రాళ్లు నిలబెట్టి, రెండు పక్కలా మళ్లీ ఇసుకతో కూరాం. పక్కింట్లో స్లాబు పని అయిపోయి ఇసుక మిగిలింది, అడిగితే సంతోషంగా ఇచ్చారు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో గాడి తవ్వడం మనిషి చేసే పని కాదు. తెల్లవారుజామునే ఒక కూలీని పెట్టుకుని ఎండ ముదరక ముందే ముగించాం. కూలి 700.

దిశ గురించి ఒక మాట. మడుల పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, తీగల పందిరికి ఉత్తరం అంచు వదిలాను. మా తెనాలిలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరానికి ఉంటాడు. అప్పుడు పందిరి నీడ మడి మీద కాస్త పడుతుంది, అది మంచిదే. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, నీడ మడికి బయట పడుతుంది. ఎండ కావలసినప్పుడు ఎండ, నీడ కావలసినప్పుడు నీడ.

రోహిణి చివరి రోజులు: మడి నింపడం

అసలు ఖర్చు గోడది కాదు, లోపల నింపేదానిది. ఇది అందరికీ చెప్పాలనిపిస్తుంది. 8 అడుగులు, మూడున్నర అడుగులు, అడుగుంబావు గుణిస్తే 35 ఘనపుటడుగులు. అంటే దాదాపు ఒక ఘనపు మీటరు. దాన్నంతా వర్మికంపోస్టుతో నింపితే మడికి అర టన్ను పైనే పడుతుంది. కిలో పది రూపాయలనుకున్నా 5,000 దాటుతుంది, అదీ ఒక్క మడికే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా నాలుగంగుళాలు పోసి సరిపెట్టుకుంటారు. ఊళ్లో ఊరికే పోయేవాటిని పోగేస్తే ఆ ఖర్చు నాలుగో వంతుకు వస్తుంది.

మాకు దొరికినవి ఇవి. కొబ్బరి బొండాల బళ్ల దగ్గర పారేసే డొక్కలు. ఎండాకాలం కాబట్టి గుట్టలు గుట్టలుగా ఉంటాయి, తీసుకెళతామంటే వాళ్లకే సంతోషం. కొల్లిపర వైపు లంక తోటల్లో గెల కోసేశాక పడగొట్టిన అరటి బోదెలు. వీధిలో వేప, బాదం చెట్ల ఆకులు. ధాన్యం మిల్లు దగ్గర ఉమక బూడిద. మా ఆయనకు వరసకు బాబాయి అయ్యే రైతు ఒకాయన అరటి బోదెలు తోట నుంచి ఆటోలో వేయించి పంపారు. “డబ్బులిస్తానంటే నేను రాను మీ ఇంటికి, మొదటి బీరకాయ మాత్రం నాకే పంపు అమ్మాయ్” అన్నారు. ఆటోల ఖర్చు 350.

అన్నిటికంటే ముందు అడుగున మెష్ పరిచాం. డెల్టాలో పందికొక్కుల సంగతి తెలిసినవాళ్లు ఈ పని మానరు. గుల్లగా, చల్లగా, వానపాములతో నిండిన మడి కంటే వాటికి మంచి ఇల్లు దొరకదు. పాత ఇనుప కొట్లో కోళ్లఫారం నుంచి వచ్చిన గట్టి వెల్డెడ్ మెష్ 300కు దొరికింది. అంచులు రాళ్ల లోపలి వైపు మడిచి పైకి లేపాం.

దాని మీద కొబ్బరి డొక్కలు బోర్లించి ఒక వరస. వెల్లకిలా పెడితే నీళ్లు నిలిచి దోమలు చేరతాయి, అందుకే బోర్లా. ఆ పైన అరటి బోదెలు నిలువునా రెండుగా చీల్చి, కోసిన వైపు కిందికి పెట్టి పరిచాం. బోదెలో ఎక్కువ భాగం నీళ్లే, పొటాష్ కూడా బాగా ఉంటుంది. అది కుళ్లేకొద్దీ మడి కింద తడి నిలుస్తుంది. తర్వాత ఎండాకులు, కొద్దిగా వరిగడ్డి. ప్రతి వరస మీదా పచ్చి పేడ కలిపిన నీళ్లు చల్లాం. ఎండాకు, గడ్డి, పీచు కుళ్లాలంటే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. మనం ఇవ్వకపోతే అవి మొక్కల నోటి దగ్గరది లాక్కుంటాయి.

పై 8 అంగుళాలే అసలు మట్టి. సగం మన నల్లమట్టి, మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, మిగతాది ఇసుక, కాస్త ఉమక బూడిద. ఎరువు పది బస్తాలు 600. పురుగు రాకుండా వేప పిండి ఐదు కిలోలు 200. నల్లమట్టిలో ఇసుక ఒక్కటే కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది. గుల్లబరిచేది ఎరువు, ఇసుక దానికి సాయం మాత్రమే. బూడిదలో క్షారం ఉంటుంది, మన నేల కూడా అటే మొగ్గుతుంది కాబట్టి మడికి రెండు తట్టలు మించనివ్వలేదు.

నల్లమట్టి ఎక్కడిదంటే, బాటలదే. మడుల పక్కన రెండడుగుల వెడల్పు బాటలు ఆరంగుళాలు లోతు తవ్వించాం. ఆ మట్టి మడిలోకి వెళ్లింది, తవ్విన బాట వాన నీటికి కాలవ అయింది. పెరటి వెనక మురుగు బోదె వైపు కొద్దిగా వాలు ఇచ్చాం. మట్టి కొనలేదు, మడి ఎత్తు బాట నుంచి చూస్తే 21 అంగుళాలైంది. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే.

రాళ్ల అంచు కంటే మూడంగుళాలు ఎక్కువ పోగు పోశాం. ఎలాగూ కిందికి దిగుతుంది.

మృగశిర కార్తె

వానలు లేవు. ఈసారి నైరుతి కేరళకే జూన్ 8న వచ్చింది, మాకు ఇంకా ఆలస్యం. రోజూ సాయంత్రం మడులు తడుపుతున్నాం. మూరెడు కర్ర గుచ్చి తీసి పట్టుకుంటే కొస వెచ్చగా ఉంది. లోపల కుళ్లుతోందన్నమాట. వేడి తగ్గేదాకా లేత వేళ్లు పెట్టకూడదు. ఈలోగా వంగ, మిరప నారు పేపరు కప్పుల్లో పోశాను. అత్తయ్య నీడలో పెట్టి పసిపిల్లల్లా చూసుకుంటున్నారు.

పోలిక కోసం మడుల పక్కన నేల మట్టంలో ఇంకో చిన్న జాగా సిద్ధం చేశాను. అవే పాళ్లలో మట్టి, ఎరువు, ఇసుక. ఎత్తు ఒక్కటే తేడా. మొక్కలు బాగుంటే అది ఎత్తు వల్లనా, ఎరువు వల్లనా అని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఆరుద్ర కార్తె, జూన్ ఆఖరు

వాన పడింది. విత్తనాలు వేశాం. మొదటి మడిలో తోటకూర, గోంగూర, రెండో మడిలో బెండ, గోరుచిక్కుడు. కొత్త మడిలో మొదటి పంటగా ఆకుకూర వేయడమే మంచిది. తోటకూర వేరు పైపైనే ఉంటుంది, కింద కుళ్లుతున్న సరుకుతో దానికి పని లేదు. నెల తిరక్కముందే కూర చేతికొస్తుంది. బెండకు అర్క అనామిక రకం ఎంచుకున్నాను. పల్లాకు తెగులును తట్టుకునేలా బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన రకం అది. మా ప్రాంతంలో బెండకు ఆ తెగులు పెద్ద బెడద. తెల్లదోమ మోసుకొస్తుంది, ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారి కాయ కూడా పాలిపోతుంది.

పుష్యమి కార్తె, జులై ఆఖరు

వారమంతా ముసురు. తెలంగాణలో వాగులు ఊళ్ల మీద పడ్డాయని వార్తల్లో చూస్తున్నాం. ఇక్కడ అంత లేదు కానీ పెరట్లో నీళ్లు నిలిచాయి. బాటలు నిండి, పారి, మర్నాటికి ఖాళీ అయ్యాయి. మడిలో వేలు గుచ్చితే పిండిన గుడ్డ తడి. పక్కన నేల మట్టంలో అదే మిశ్రమం బురద అయి, వేలు తీస్తే గుంటలో నీళ్లు ఊరాయి.

మడి నాలుగంగుళాలు దిగింది. అరటి బోదెలు చితికి ఉంటాయి. తోటకూర మొదటి కోత అయింది కాబట్టి ఇబ్బంది లేదు.

గమనించాల్సింది ఇంకొకటి. రెండో మడి పొడుగు వైపు నడిమి రాళ్లు బయటికి వాలాయి. తడిసిన మట్టి బరువు, దాని ఉబ్బు రెండూ కలిసి నెట్టాయి. బాపట్ల వైపు నుంచి వచ్చిన సరుగుడు గుంజలు రెండు తెచ్చి, బయటివైపు రాళ్లకు ఆనించి దిగగొట్టాం. గుంజ నుంచి ఎదుటి గుంజకు మడి మీదుగా జీఐ తీగ లాగి బిగించాం. ఎనిమిదడుగుల కంటే పొడుగు మడి కట్టేవాళ్లు ఈ తీగ మొదట్లోనే వేసుకోవడం మంచిది.

బెండ కింది ఆకులు కొంచెం పాలిపోయాయి. కింద గడ్డి, పీచు కుళ్లుతూ నత్రజని తీసుకుంటున్నాయి, ఇది అనుకున్నదే. వేరుశనగ చెక్క రెండు కిలోలు 120కి తెచ్చి, కొద్దికొద్దిగా నానబెట్టి పులియబెట్టి, బాగా పలచన చేసి పోస్తున్నాను. వారం పది రోజుల్లో కొత్త ఆకు ముదురు పచ్చగా వచ్చింది.

మఖ కార్తె, ఆగస్టు

ఎత్తు మడికి ఎదురు పరీక్ష ఇది. జులైలో నీళ్లు ఎక్కువై భయపడ్డాం, ఆగస్టులో చుక్క లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి ఇంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ తర్వాత చెప్పింది. శ్రావణ మాసంలో వడగాలి తగలడం అత్తయ్యకు కూడా కొత్తే.

ఎత్తు మడి నీటిని వేగంగా వదిలేస్తుంది, అందుకే వేగంగా ఆరిపోతుంది కూడా. పైగా నాపరాయి నల్లగా ఉంటుంది. పడమటి ఎండకు మధ్యాహ్నం మూడింటికి రాయి మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఆ రాతికి జానెడు దూరంలో ఉన్న బెండ మొక్కలు సాయంత్రానికి తలలు వాల్చేవి. మడి నడుమ ఉన్నవి మాత్రం బాగానే ఉన్నాయి. అందుకని పడమటి వైపు రాళ్ల మీద పాత గోనె పట్టాలు కప్పి రోజూ తడిపాం. ఆ అంచు వెంట గోంగూర, బచ్చలి పెట్టాను. అవి పొదలుగా పెరిగి రాయికి నీడ ఇస్తాయి. గోంగూర గుంటూరు ఎండకు భయపడే మొక్క కాదు.

నీటి లెక్క వేసుకున్నాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మా మడి రెండున్నర చదరపు మీటర్ల పైన. ఇలాంటి ఎండలో రోజుకు ఐదు మిల్లీమీటర్లు అనుకుంటే మడికి 13 లీటర్లు. పెద్ద బకెట్లో ముప్పాతిక. ఇది అసలు భారమే కాదు. ఆ నీరు పైపైన ఆవిరైపోకుండా వేరు దాకా చేరడమే కావాలి.

దానికి రెండు పనులు చేశాం. మొదటిది, మూడంగుళాల మందాన వరిగడ్డి కప్పడం. రెండోది కుండలు. కుమ్మరి దగ్గర బాగా కాలిన, లోపల పూత లేని చిన్న కుండలు నాలుగు తెచ్చాం, ఒక్కోటి 80. మడికి రెండు చొప్పున మెడ దాకా పాతిపెట్టి, నీళ్లు నింపి మూకుడు మూశాం. మట్టి ఆరినకొద్దీ కుండ గోడ గుండా నీరు ఊరి బయటికి వస్తుంది. మట్టి తడిగా ఉంటే ఊరడం నెమ్మదిస్తుంది. మొక్క తాగినంతే ఖర్చు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజులు మా అమ్మగారి ఊరు వెళ్లి వచ్చాం, కుండల చుట్టూ జానాబెత్తెడు మేర మొక్క ఒక్కటీ వాడలేదు. గోరుచిక్కుడు పూత కూడా రాలలేదు.

నేల మట్టంలో ఉన్న జాగా ఈ నెలంతా ఎత్తు మడి కంటే కాస్త తడిగానే ఉంది. అది రాయకపోతే అన్యాయం. ఎండాకాలానికి మాత్రమే తోట పెట్టుకునేవాళ్లకు మా నేలలో ఎత్తు మడి అక్కర్లేదు. వాళ్లకు పల్లపు మడే మేలు.

రాళ్ల బయట నెర్రెలు ఇచ్చాయి. వాటిలో ఇసుక పోసి కూరాం, వాన రాగానే ఇసుక సర్దుకుంటుంది.

ఉత్తర, హస్త కార్తెలు

బెండ దాదాపు అయిపోయింది. రెండు మూడు మొక్కలకు పల్లాకు తెగులు వచ్చింది, కనిపించగానే పీకి దూరంగా కాల్చేశాం. మిగతావి చివరిదాకా కాశాయి.

మడి మొత్తం మీద ఆరంగుళాలు దిగింది. ఐదు బస్తాల ఎరువు, 300 రూపాయలు. బాటల్లోకి కొట్టుకొచ్చిన మట్టి మళ్లీ ఎత్తి, ఎరువుతో కలిపి పైన నింపాం. మొక్కల మొదళ్లు పీకలేదు. నేల మట్టానికి కోసి వేళ్లు అక్కడే వదిలేశాం. గోరుచిక్కుడు వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి, అవి కుళ్లి నత్రజని మడికే ఇస్తాయి.

జీవామృతం మొదలుపెట్టాను. పెరటికి 20 లీటర్ల డ్రమ్ము చాలు. పేడ కిలో, ఆవు మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, చెట్టు కింది మట్టి గుప్పెడు. నీడలో రెండు రోజులు ఉంచి, ఉదయం సాయంత్రం కర్రతో కలపాలి. పది రెట్లు నీళ్లు చేర్చి తడి నేల మీద పోయాలి, ఎండిన మట్టి మీద పోస్తే వృథా. బాబాయి గారు ప్రకృతి వ్యవసాయం వాళ్ల దగ్గర నేర్చుకున్న కొలతలే ఇవి. ఆయన ఎకరాకు 200 లీటర్లు కలుపుతారు.

స్వాతి కార్తె

దసరా వెళ్లింది. ఉత్తరం అంచున సరుగుడు కర్రలు, నైలాన్ తాడుతో పందిరి. గుంజలు, జీఐ తీగతో కలిపి కర్రల ఖర్చు 400. పందిరికి చిక్కుడు, బీర. మొదటి మడిలో టమాటా, అర్క రక్షక్. ఆకుముడత వైరస్‌ను, వడలు తెగులును, ఆకుమచ్చను మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అది. విత్తనం కట్టుకోవడానికి పనికిరాదు, ఏటా కొనాలి. అయినా మొదటి ఏడాది అత్తయ్య టమాటాలు చూడాలని కోరుకున్నాను. రెండో మడిలో వంగ, మిరప, మధ్య సందుల్లో కొత్తిమీర, పాలకూర, ముల్లంగి. వంగకు వంగకు రెండడుగుల ఎడం. ఆ ఖాళీ ఊరికే పోకూడదని ముల్లంగి. వంగ కొమ్మలు కమ్ముకునేలోపే అది ఇంటికొచ్చేస్తుంది.

నేల మట్టం జాగాలోనూ నాలుగు వంగ, నాలుగు టమాటా పెట్టాను, అదే నారు, అదే రోజు.

జ్యేష్ఠ కార్తె, డిసెంబరు మొదటి వారం

మిచౌంగ్ తుపాను డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు దగ్గర కాబట్టి ముందురోజు నుంచే ఎడతెగని వాన, గాలి. 4వ తేదీ పొద్దునే పందిరి తాళ్లు బిగించాం. టమాటా మొక్కలకు ఒక్కొక్క కర్ర నాటి గుడ్డపీలికలతో వదులుగా కట్టాం. పండబోయే కాయలన్నీ కోసేశాం. వరిగడ్డి కొట్టుకుపోకుండా దాని మీద కొబ్బరి మట్టలు బరువు పెట్టాం. ఇక చేయగలిగింది లేదు.

5వ తేదీ రాత్రికి మురుగు బోదె పొంగి, నీరు పోవడానికి దారి లేక బాటలన్నీ నిండాయి. పెరడంతా చెరువే. మడుల రాళ్లు నీళ్లలోంచి జానెడు పైకి కనిపిస్తున్నాయి. మూడో రోజు మధ్యాహ్నానికి గానీ నీరు తీయలేదు. ఆ మూడు రోజులూ మడి పైభాగం నీటి మట్టానికి అందలేదు. అడుగున డొక్కలు, కుళ్లిన బోదెలు తడిసి ఉంటాయి. కానీ వేళ్లు ఎక్కువగా ఉండే పైభాగంలోంచి నీరు రాళ్ల సందుల గుండా బయటికి కారుతూనే ఉంది. సిమెంటు పూయని సందులు అప్పుడు పనికొచ్చాయి.

బీర పందిరి ఒక మూల ఒరిగింది. రెండు టమాటా కొమ్మలు విరిగాయి. అంతే. ఎండ కాసిన రోజు నేల మట్టంలోని టమాటాలు తలలు వేలాడేశాయి, మళ్లీ లేవలేదు. పీకి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతొక్క ఊడొచ్చింది. వంగ మొక్కల్లో ఒకటి తేరుకుంది, మూడు పోయాయి. మడిలో ఉన్నవి పక్కనే పచ్చగా నిలబడ్డాయి. ఒకే నారు, ఒకే మట్టి, 15 అంగుళాల తేడా.

దీని గురించి సంబరపడే సమయం కాదది. చుట్టుపక్కల ఊళ్లలో కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది, కోసి కుప్ప వేయని పనలు మొలకెత్తాయి. బాబాయి గారి అరటి తోట సగం నేలకొరిగింది. ఆయన మా ఇంటికి వచ్చి మడులు చూసి, “అమ్మాయ్, నీ వంగ నిలబడింది, నాకదే చాలు” అన్నారు. ఏం చెప్పాలో తోచక నేనూ అత్తయ్యా ఊరుకున్నాం. మధ్యాహ్నం భోజనానికి ఉండమని పట్టుబట్టి, మడిలోని పాలకూర పప్పు, ముల్లంగి పులుసు చేసి పెట్టాం.

తుపాను తర్వాత నత్తలు వచ్చాయి. గోనె పట్టా తడిపి, దాని కింద బొప్పాయి ఆకులు పెట్టి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అన్నీ అక్కడే చేరి ఉంటాయి. ఏరి ఉప్పు నీళ్ల బకెట్లో వేశాం. ఉప్పు మాత్రం మడి దగ్గరికి రానివ్వకూడదు, మట్టి పాడవుతుంది.

సంక్రాంతి, 2024 జనవరి

లెక్క తేల్చాం. నాపరాళ్లు 1,000, వాటి ఆటో 300, మెష్ 300, కూలి 700, మొదటి ఎరువు 600, బోదెలు, డొక్కల ఆటోలు 350, వేప పిండి 200. నింపేసరికి 3,450. తర్వాత కుండలు 320, వేరుశనగ చెక్క 120, పైన వేసిన ఎరువు 300, కర్రలు, తాడు 400. మొత్తం 4,590. విత్తనాలు, నారు దీనిలో లేవు. వచ్చే ఏడాది రాళ్లు, మెష్, కుండలు కొనక్కర్లేదు. ఎరువు, విత్తనం ఉంటే సరిపోతుంది.

ఖాళీ అయిన ఒక మూల మడిని అడుగుదాకా తవ్వి చూశాను. అరటి బోదె ఆనవాలు లేదు, నల్లటి జిగట ముద్ద, నిండా వానపాములు. ఆకులూ లేవు. కొబ్బరి డొక్కలు మాత్రం ఇంకా డొక్కలే, రంగు మారి మెత్తబడ్డాయంతే. వాటి పీచు ఇంకో ఏడాది తీసుకుంటుంది. టమాటా వేళ్లు ఆ పీచులోకి కూడా దిగి ఉన్నాయి. మెష్ తుప్పు పట్టింది కానీ తెగలేదు, పందికొక్కు బొరియ ఒక్కటీ లేదు. ప్రహరీ పక్కన మాత్రం రెండు కొత్తవి ఉన్నాయి.

మూడో మడి కట్టడానికి అత్తయ్యే తొందరపెడుతున్నారు. దానికి కొన్ని మార్పులు రాసి పెట్టుకున్నాను. అడ్డ తీగ మొదటి రోజే వేయాలి. పడమటి గోడకు నాపరాయి బదులు పాత పెంకులు రెండు వరసలుగా పేర్చి, నడుమ మట్టి కూరి చూడాలి, వేడి తగ్గుతుందేమో. ఉమక బూడిద తగ్గించి, బదులుగా మినుము నూర్చాక మిగిలే పొట్టు కలపాలి. మాగాణి మినుము మాఘం చివర కోతకొస్తుంది, అప్పటికి పొట్టు దండిగా దొరుకుతుంది. కొబ్బరి డొక్కలు ముందే గొడ్డలితో నాలుగు ముక్కలు చేస్తే త్వరగా చివుకుతాయి. బోదెల కోసం ఈసారి బాబాయి గారి తోటకే వెళతాం. తుపానుకు పడిపోయినవి ఇంకా గట్టు మీదే ఉన్నాయి, ఎత్తేస్తే ఆయనకూ దారి ఖాళీ అవుతుంది. ఆదివారం ఆటో మాట్లాడాం. వెళ్లేటప్పుడు రెండు బీరకాయలు పట్టుకెళ్లాలి, తుపాను గొడవలో ఇంతవరకూ ఆయనకు పంపనేలేదు.